పాత మోటారుకారులో శీతలయంత్రము: లోపములను కనుగొను విధము

వేసవికాలమున పాతకారులోని శీతలయంత్రము చల్లదనము నీయనిచో, గ్యాసు తరిగిపోయినదనియు, మరల నింపించిన చాలుననియు పలువురు తలంతురు. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో, లోపమును ఏ క్రమమున వెదకవలయునో విద్యార్థులకు తెలియునట్లు ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మొదట యంత్రతత్త్వమును గ్రహింపవలెను. ద్రవము ఆవిరియగునపుడు చుట్టునున్న వేడిని గ్రహించును. ఆవిరి మరల ద్రవమగునపుడు ఆ వేడిని విడుచును. చెమట ఆరునపుడు దేహము చల్లబడుటకు ఇదియే కారణము. కారులో ఇంజను బెల్టుచే తిరుగు కంప్రెసరు గ్యాసును అదిమి వేడెక్కించును. రేడియేటరు ముందున్న కండెన్సరులో అది బయటిగాలికి వేడిని విడిచి ద్రవమగును. పిదప ఇరుకైన వాల్వుగుండ వెలువడి, డాష్‌బోర్డు వెనుకనున్న కూలింగు కాయిలులో ఆవిరియై, లోపలిగాలిలోని వేడిని లాగికొని, తిరిగి కంప్రెసరును చేరును. ఈ మార్గమంతయు మూసిన పాత్రవంటిది. పెట్రోలువలె గ్యాసు ఖర్చగునది కాదు. రబ్బరు గొట్టములగుండ ఏండ్లతరబడి స్వల్పముగా పోవుట కలదు; కాని ఒక్క వేసవిలోనే తరిగినచో ఎక్కడనో కారుచున్నదనియే అర్థము.

ఇక పరీక్షాక్రమమును చెప్పెదము.

మొదటిది: గాలి చాలినంత వచ్చుచున్నదా? రానిచో ఫ్యూజును, బ్లోయరును, దుమ్ముపట్టిన ఫిల్టరును చూడవలెను. మొదట చల్లగా వచ్చి, కొంతసేపటికి గాలి సన్నగిలినచో కాయిలుపై మంచు గట్టియుండవచ్చును.

రెండవది: గాలి బాగుగా వచ్చియు వెచ్చగా నున్నచో కంప్రెసరును గమనింపవలెను. దాని పుల్లీ ఇంజనుతోపాటు ఎల్లప్పుడును తిరుగుచుండును. స్విచ్చి వేసినపుడు మాత్రమే ముందరి క్లచ్చిపలక టక్కుమని అంటుకొని తిరుగును. అట్లు కానిచో ఫ్యూజు, రిలే, తీగెలు శోధింపదగినవి. గ్యాసు మిక్కిలి తగ్గినపుడును, అనేక కారులలో ప్రెషరు స్విచ్చి కంప్రెసరును రక్షించుటకై విద్యుత్తును ఆపివేయును. ఈ పరీక్షలో చేతులను, వస్త్రములను బెల్టునకు దూరముగా నుంచవలెను.

మూడవది: కారు పరుగిడునపుడు చల్లగాను, నిలిచినపుడు వెచ్చగాను ఉన్నచో, కండెన్సరు ఫ్యాను తిరుగుటలేదేమో, రెక్కలలో మట్టి పేరుకొన్నదేమో చూడవలెను. మట్టియైనచో మెల్లని నీటిధారతో కడిగిన చాలును.

నాలుగవది: హీటరునకు వేడినీటిని పోనిచ్చు వాల్వు సరిగా మూసికొననిచో, చల్లబడిన గాలియే మరల వేడెక్కును.

ఇవన్నియు సరిగా నున్న పిమ్మటనే గ్యాసును శంకింపవలెను. గ్యాసుతో కూడ నూనెయు తిరుగును గనుక, కారినచోట జిడ్డుతోకూడిన దుమ్ము కనబడును. సబ్బునీరు పూసిన బుడగలు లేచును. యంత్రము ఆగియున్నపుడు, 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో, ఆర్-134ఎ గ్యాసు గేజిలో చదరపుటంగుళమునకు సుమారు 97 పౌనుల పీడనమును చూపును. లోపల ద్రవము కొంచెమున్నను, నిండుగా నున్నను ఆ అంకె యొకటే. కావున ఆ అంకెను నమ్మక, ఉన్న గ్యాసును యంత్రముతో బయటికి తీసి, నిర్ణీత పరిమాణమును తూచి నింపవలెను. ఇది నేర్చిన పనివాని పని. గొట్టమును విప్పిన వెలువడు ద్రవము చర్మమును, కన్నులను గడ్డకట్టించి చెరుపగలదు.

కారుటను అరికట్టక ఏటేట గ్యాసు నింపించుట ధననష్టమే కాక లోకమునకును హాని. పూర్వపు కారులలోని ఆర్-12 వంటి గ్యాసులు ఓజోనుపొరను చెరుపునని మోలినా, రోలండు అను శాస్త్రజ్ఞులు 1974లో తెలిపిరి. 1987లో మాంట్రియలు ఒడంబడిక యేర్పడెను. 1990 తరువాతి సంవత్సరములలో కారులలో ఆర్-134ఎ ప్రవేశించెను. ఇది ఓజోనును చెరుపదు గాని, నూరేండ్ల లెక్కలో, సమానమైన బరువుగల బొగ్గుపులుసు గాలికంటె సుమారు 1,400 రెట్లు భూమిని వేడెక్కించును. ఈ రెండు గ్యాసులకు తగిన నూనెలు వేరు, వానిని కలుపరాదు.

కావున విద్యార్థులారా, మీ యింటి కారు చల్లబడనపుడు, గ్యాసు నింపింపుమని పెద్దలను తొందరపెట్టకుడు. మొదట గాలిని, పిదప క్లచ్చిని, ఫ్యానును, హీటరు వాల్వును వరుసగా పరీక్షింపుడు. గ్యాసు తక్కువయని తేలినచో, అది ఎక్కడ కారుచున్నదో కనుగొని బాగుచేసిన పిమ్మటనే నింపుడని పనివానిని కోరుడు.