పోగుకు పోగు అతుకుట

(కుటుంబ క్రిస్మస్ ఆచారములను గూర్చిన గృహ పాఠము)

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4-9, 20-25, నెహెమ్యా 8:8-12, లూకా 2:1-24, 41-42, రోమా 14:5-6, 2 తిమోతి 1:5.

పాఠోద్దేశము: మన ఇండ్లలోని క్రిస్మస్ ఆచారములలో ఏది నిలుపుకొనవలెను, ఏది మారినను చింత లేదు, పిల్లలకు ఏమి అప్పగింపవలెను అనునది తెలిసికొనుట.



డిసెంబరు మాసము వచ్చుసరికి మన ఇండ్లలో రెండు మాటలు వినబడును. "మా కాలములో క్రిస్మస్ ఇట్లుండెడిది కాదు" అని పెద్దలు అందురు. "ఇదంతా ఎందుకు చేయాలి?" అని పిల్లలు అందురు. మొదటి మాటను మనము ఓపికతో విందుము. రెండవ మాటను ఎదురు మాటగా ఎంచి గద్దింతుము. అయితే ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో పిల్లవాని ప్రశ్నకు మోషే చోటు ఇచ్చెను. ముందు రోజులలో నీ కుమారుడు ఈ కట్టడల భావమేమని అడుగును, అప్పుడు నీవు జవాబు చెప్పవలెనని బోధించెను. ఆ జవాబు "మన పెద్దలు చేసిరి గనుక మనమును చేయుచున్నాము" అనునది కాదు. మేము ఐగుప్తులో దాసులమై యుంటిమి, ప్రభువు మమ్మును విడిపించెను అనునదే ఆ జవాబు. దేవుడు చేసిన కార్యమును చెప్పలేని ఆచారము బిడ్డకు బరువుగా తోచును. ఈ మాటను మనస్సున ఉంచుకొని షోలాపూరు నేతకారుల పేటలలోని మన క్రిస్మస్‌ను పరిశీలింతము.

1. మన పెద్దలు మూట కట్టి తెచ్చినవి

షోలాపూరు పాత మిల్లు 1874లో స్థాపింపబడెను. మిల్లులును మగ్గములును పెరుగుకొలది కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతముల నుండి తెలుగు నేత కుటుంబములు అనేకము ఇచ్చటికి వలస వచ్చినవి. 1876-78 నాటి గొప్ప కరవు షోలాపూరు జిల్లాను కూడ పీడించెను. ఆ కరవు కాలములోనే అటు ఒంగోలు ప్రాంతములో 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిరి. కూలి కొరకు ఊరు విడచుటయు, ప్రభువును తెలిసికొనుటయు మన జనుల చరిత్రలో దాదాపు ఒకే కాలపు సంగతులు.

మన బాప్తిస్టు సంఘములకు ఇంకొక ఆరంభము కలదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్ దొరగారు, వారి భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండమీద మోకరించి ప్రార్థించిరి. ఆ ప్రార్థన కొండను మన పెద్దలు నేటికిని తలంచుకొందురు. డిసెంబరు 31 రాత్రి మనము మెలకువగా ఉండి ప్రార్థనతో నూతన సంవత్సరములో ప్రవేశించునప్పుడు ఆ చిన్న గుంపును గూర్చి పిల్లలకు చెప్పవచ్చును.

వలస వచ్చిన విశ్వాసులు తమతో తెచ్చుకొన్న ఆస్తి కొంచెమే. తెలుగు బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము, తెల్లవారుజామున చేయు కుటుంబ ప్రార్థన, వాటితోపాటు కొన్ని పండుగ అలవాట్లు. గోడలకు సున్నము వేయుట, వెదురు బద్దలతో నక్షత్రము కట్టి రంగు కాగితము అంటించి లోపల దీపము పెట్టుట, డోలకు, తాళములతో ఇంటింటికి వెళ్లి కీర్తనలు పాడుట, సకినాలు, అరిసెలు, కజ్జికాయలు వండుట, గొల్లల నాటకము ఆడుట, స్థోమతను బట్టి కొత్త బట్టలు కుట్టించుట. ఇవి మన పెద్దల క్రిస్మస్.

2. షోలాపూరులో కలిసినవి, మారినవి

ఈ పట్టణములో తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ ఒకే సందులో వినబడును. కజ్జికాయను పొరుగింటి మరాఠీ అమ్మ కరంజీ అనును. శంకరపాళీ, చివడా కూడ మన డబ్బాలలో చేరినవి. పట్టణములోని మరాఠీ సంఘముల చరిత్ర అమెరికన్ మరాఠీ మిషను వారి సేవతో 19వ శతాబ్దములోనే ఆరంభమైనది. వారి యొద్ద నుండి నారాయణ వామన తిలక్ (1861-1919) గారి మరాఠీ భజన కీర్తనలు మన యౌవనస్థులు నేర్చుకొనిరి. దీనిని మనము నష్టముగా ఎంచనక్కరలేదు.

పని మారుటవలన పండుగయు మారెను. చేతి మగ్గములు తగ్గి పవర్‌లూములు పెరిగినవి. పగలు రాత్రి షిఫ్టులుండుటచేత ఇంటి వారందరును ఒకే వేళకు కూడుకొనుట కష్టమాయెను. పెద్ద మిల్లులు మూతపడినవి. చాల ఇండ్లలో తల్లులు బీడీలు చుట్టి ఇల్లు నడుపుచున్నారు. చదువుకొన్న పిల్లలు పూణే, హైదరాబాదులలో ఉద్యోగములు చేయుచున్నారు. 2024 జనవరిలో కుంభారి దగ్గర రేనగరులో 15,000 ఇండ్లను కార్మికులకు అప్పగించిరి. ఇట్టి కొత్త కాలనీలకు పాత పేటల వారు తరలిపోవునప్పుడు, ఒకప్పుడు నడిచి తిరిగిన క్యారల్స్ బృందము ఇప్పుడు టెంపో మాట్లాడుకొనవలసి వచ్చును. వెదురు నక్షత్రమునకు బదులు బజారు నక్షత్రము, పెద్ద పొయ్యికి బదులు బేకరీ కేకు వచ్చినవి. నాయనమ్మ ప్రార్థన ఫోనులో మనుమనికి వినబడుచున్నది.

ఈ మార్పులను చూచి కొందరు పెద్దలు కన్నీరు పెట్టుకొందురు. ఆ దుఃఖమును మనము తేలికగా తీసివేయరాదు. అది నక్షత్రమును గూర్చిన దుఃఖము మాత్రమే కాదు. మేము పోయిన తరువాత ఈ ఇంట ప్రార్థన నిలుచునా అనునదే వారి అసలు భయము.

3. ఆచారములు ఎప్పుడును మారుచు వచ్చినవి

ప్రభువు పుట్టిన తేదీని లేఖనములు చెప్పుటలేదు. డిసెంబరు 25న జన్మదినమును ఆచరించినట్లు రోమా పట్టణములో 336వ సంవత్సరమునకు సంబంధించిన దాఖలా కలదు. ఇంగ్లాండులో 1647లో పార్లమెంటు క్రిస్మస్ పండుగను రద్దు చేసెను. అమెరికాలోని మసాచుసెట్సు వలసలో 1659 నుండి 1681 వరకు క్రిస్మస్ ఆచరించిన వారికి ఐదు షిల్లింగుల జరిమానా ఉండెను. మన పూర్వపు బాప్తిస్టులలో అనేకులు కూడ లేఖనము ఆజ్ఞాపింపని పండుగ మనకేల అని తలంచిరి. క్రిస్మస్ చెట్టు జర్మనీ దేశపు ఇండ్లలోనుండి వచ్చినది. క్రిస్మస్ కార్డు 1843లో ఇంగ్లాండులో ఆరంభమైనది. లోకమంతట పాడబడు "సైలెంట్ నైట్" పాట 1818లో ఆస్ట్రియా దేశపు ఒక చిన్న పల్లె దేవాలయములో మొదట పాడబడెను.

దీనినుండి రెండు సంగతులు నేర్చుకొందము. మొదటిది, ఏ ఆచారమును ధర్మశాస్త్రముగా చేయరాదు. రోమా 14వ అధ్యాయములో పౌలు ఒక దినమును ఎంచువాడును, అన్ని దినములను సమానముగా ఎంచువాడును ప్రభువు కొరకే చేయవలెనని చెప్పెను. రెండవది, ఆచారమును తృణీకరింపరాదు. యేసు తలిదండ్రులు ఏటేట పస్కా పండుగకు యెరూషలేమునకు వెళ్లుచుండిరని లూకా 2:41 చెప్పుచున్నది. బాలుడైన యేసు పండ్రెండేండ్ల వయస్సున ఆ ఆచారమును బట్టియే దేవాలయములో కనబడెను. ఇంటి అలవాటు బిడ్డను దేవుని సన్నిధికి నడిపింపగలదు.

4. మగ్గము నేర్పు పాఠము

నేత ఎరిగిన మనకు వేరొక ఉపమానము అవసరము లేదు. మగ్గముమీద పేక రంగు మాటిమాటికి మారును. ఎరుపు కండె తీసి పచ్చ కండె వేసినంతమాత్రమున బట్ట చెడిపోదు. అయితే పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు ఏమి చేయును? పాత పడుగును కోసి పారవేసి ఊరకుండడు. కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతుకును. వందల పోగులున్నను గుత్తముగా ముడి వేయుటకు వీలులేదు. ఓపికతో కూర్చుండి పోగుకు పోగు అతికిన తరువాతనే మగ్గము మరల ఆడును.

మన విశ్వాసము తరువాతి తరమునకు చేరుటయు ఇట్లే. తిమోతి విశ్వాసము మొదట అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను ఉండెనని పౌలు వ్రాసెను. సంఘములో ఒక్క ప్రసంగము చెప్పి వంద మంది పిల్లలను ఒకేసారి అతుకలేము. అవ్వ ఒక మనుమని దగ్గర, తల్లి ఒక కుమార్తె దగ్గర కూర్చుండవలెను. నక్షత్రము, వంటకము, పాట ఇవన్నియు పేక రంగులు. దేవుడు మన కొరకు తన కుమారుని పంపెననియు, మా ఇంటిని ఆయన ఇట్లు కాపాడెననియు చెప్పు సాక్ష్యము పడుగు. అది ఏ తరములోను తెగిపోరాదు.

5. ప్రతి ఆచారమునకు మూడు పరీక్షలు

(అ) బిడ్డ అడిగినప్పుడు చెప్పుటకు జవాబు ఉన్నదా? నక్షత్రము కట్టునప్పుడు మత్తయి 2వ అధ్యాయములోని జ్ఞానులను గూర్చి చెప్పవచ్చును. కొత్త బట్ట తొడుగునప్పుడు ప్రభువునకు చుట్టిన పొత్తిగుడ్డలను గూర్చి చెప్పవచ్చును. లోకమునకు వస్త్రము నేయువారి పిల్లలకు ఆ మాట త్వరగా అర్థమగును. జవాబు లేని ఆచారము ఉన్నను పోయినను ఒకటే.

(ఆ) అది ఇంటిని అప్పులో దింపుచున్నదా? మన పనిస్థలములలో బోనసు దీపావళికి వచ్చును. క్రిస్మస్ నాటికి అది అయిపోవును. నేసినంతకే, చుట్టినంతకే కూలి గనుక పండుగ దినము కూలి లేని దినము. అందరికి కొత్త బట్టలు ఉండవలెనని కార్ఖానాదారుని యొద్ద అడ్వాన్సు తీసికొని నెలల తరబడి తీర్చుకొనుట కొన్ని ఇండ్లలో ఆచారమైపోయినది. మరియ యోసేపులు బాలుడైన యేసును దేవాలయమునకు తెచ్చినప్పుడు గొఱ్ఱెపిల్లను తేలేదు. లేవీయకాండము 12:8 ప్రకారము పేదలు అర్పించు పక్షులను తెచ్చిరి. అప్పు చేయని క్రిస్మస్ అవమానకరము కాదని పెద్దలే ముందుగా పిల్లలకు చెప్పవలెను. సంఘములో కొత్త బట్టలు లేనివారు వెనుక వరుసలో కూర్చుండవలసి వచ్చినయెడల తప్పు ఆ బట్టలది కాదు, మన చూపుది.

(ఇ) దానిలో పొరుగువానికి పాలు ఉన్నదా? నెహెమ్యా 8:10లో భోజనము సిద్ధము చేసికొననివారికి వంతులు పంపుమని చెప్పబడినది. మార్కండేయ పండుగ చేసికొను మన తెలుగు పొరుగువారు, మరాఠీ, ముస్లిము పొరుగువారు తమ పండుగలలో మనకు తీపి పంపుదురు. మన వంట మానివేసి కేకు మాత్రమే కొన్నప్పుడు ఆ పళ్లెము తిరిగి వెళ్లుట ఆగిపోరాదు. విధవరాండ్ర ఇంటికి, పని పోయినవారి ఇంటికి ముందుగా పంపవలెను.

6. భాషను గూర్చిన ప్రశ్న

ఇది మన సంఘములలో అన్నిటికంటె నొప్పి కలిగించు సంగతి. మన పిల్లలు తెలుగు మాటలాడుదురు, కాని మరాఠీలో లేక ఇంగ్లీషులో చదువుదురు. బైబిలు చేతికిచ్చినప్పుడు తెలుగు అక్షరములు కూడబలుకుకొందురు. క్రిస్మస్ ఆరాధనలో వారికి మరాఠీ పాట ఇచ్చినయెడల పెద్దలు నొచ్చుకొందురు. ఇవ్వనియెడల పిల్లలు బయట నిలుచుందురు.

నెహెమ్యా గ్రంథము రెండు ప్రక్కలను చూపుచున్నది. 13:24లో పిల్లలు తమ జనుల భాష ఎరుగకపోవుట నెహెమ్యా గమనించి బాధపడెను. గనుక పెద్దల దుఃఖము న్యాయమైనదే. అయితే 8:8లో లేవీయులు గ్రంథమును స్పష్టముగా చదివి, జనులు గ్రహించునట్లు అర్థము చెప్పిరి. జనులు గ్రహించిన తరువాతనే ఆ దినము సంతోషదినమాయెను. కాబట్టి మా మనవి ఇది. తెలుగును ఇంటిలో నేర్పుదము, శ్రద్ధతో నేర్పుదము. ఆదివారపు బడిలో తెలుగు అక్షరములకు అరగంట కేటాయింతము. కాని బిడ్డకు తెలుగు వచ్చువరకు సువార్తను ఆపి ఉంచరాదు. లూకా 2వ అధ్యాయమును తాతయ్య తెలుగులో చదువగా మనుమడు మరాఠీలో చదువవచ్చును. ఇద్దరును ఒకే ఇంట చదువుటయే ముఖ్యము.

7. ఈ డిసెంబరులో ఇంట చేయదగినవి

షిఫ్టులను చూచుకొని, ఇంటివారందరు కూడుకొనగల ఒక గంటను ముందుగానే ఏర్పరచుకొనుడి. అది 25వ తేదీనే కానక్కరలేదు. ఆ గంటలో పెద్దలలో ఒకరు తమ కుటుంబము ప్రభువును ఎట్లు తెలిసికొనెనో, ఏ ఊరినుండి వచ్చెనో చెప్పవలెను. పిల్లలలో ఒకరు దానిని తమకు వచ్చిన భాషలో నోటుపుస్తకములో వ్రాయవలెను. నాయనమ్మ పాడు కీర్తన ఒకటి పిల్లలందరు కంఠస్థము చేయవలెను. పిల్లలు కోరిన పాట ఒకటి పెద్దలు నేర్చుకొనవలెను. దూరముననున్నవారిని ఫోనులో కలుపుకొనుడి, అయితే చూపులతో సరిపుచ్చక ప్రార్థనలో పాలు ఇయ్యుడి.

చర్చకు ప్రశ్నలు

1. మన ఇంటిలో పోయిన ఆచారము ఏది? దానితోపాటు సాక్ష్యము కూడ పోయెనా?
2. మన పిల్లలు అడిగి జవాబు పొందని ప్రశ్న ఏది?
3. గత క్రిస్మస్‌కు అప్పు చేసితిమా? అది ఎప్పుడు తీరెను?
4. ఈ సంవత్సరము మనము ఎవరి పోగును అతుకవలెను? పేరు పెట్టి ప్రార్థింపుడి.

ప్రార్థన: ప్రభువా, పరదేశములో మా పెద్దలను నిలిపిన దేవా, మా మాటలు మారినను నీవు మారనివాడవు. మా పిల్లలు అడుగునప్పుడు విసుగుకొనక జవాబు చెప్పుటకు మాకు ఓపికనిమ్ము. మా ఇండ్లలో నీ సాక్ష్యమును తెగనియ్యకుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.