డీజిల్ ఇంజను సిలిండరులలో ఒత్తిడిని పరీక్షించు విధము

బోనకల్ ప్రాంతమున సాగరు ఎడమ కాలువ క్రింద వరియు, నల్లరేగడిలో ప్రత్తియు మిరపయు పండించు మనకు నేడు ట్రాక్టరే కాడియెద్దులు. ఉదయమున సెల్ఫు ఎంత త్రిప్పినను ఇంజను అందుకొనక, తెల్లని పొగ విడిచి, బరువు లాగలేకున్నచో, 'బోరు పోయినది' అను మాట వినబడును. వెంటనే ఇంజను విప్పించి, అప్పు తెచ్చి, పదునుదప్పు దినములలో బండిని షెడ్డున నిలుపుకొనుచున్నాము. విప్పుటకు ముందే రోగము నెఱుంగు పరీక్ష యొకటి కలదు. దానిని ప్రతి సభ్యుడును తెలిసికొనవలెను.

ఒత్తిడి యేల?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు ప్లగ్గు గలదు. డీజిల్ ఇంజనులో అది లేదు. 1897లో జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గ్ నగరమున రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన సూత్రమే నేటికిని ఆధారము. పిస్టను గాలిని పదునాఱు మొదలు ఇరువది వంతుల వఱకు కుదించును. అట్లు కుదింపబడిన గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడును మించి వేడెక్కును. అందు చిమ్మిన నూనె తనంత తాను మండును. రింగులు అరిగినను, వాల్వు సరిగా కూర్చుండకున్నను గాలి జాఱిపోవును, వేడి చాలదు, నూనె మండక తెల్లపొగయై పోవును.

ముందు చూడవలసినవి

బ్యాటరీ నీరసించినను, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసికొన్నను, డీజిల్ గొట్టములో గాలి చొచ్చినను ఇవే లక్షణములు కనబడును. కావున మొదట వీనిని సరిచేసి, ట్యాపెట్ల సందును కొలిపించి, పిమ్మట పరీక్షకు పూనుకొనవలెను.

పరీక్షించు క్రమము

1. ఇంజను నడువగలిగినచో పని వేడికి వచ్చువఱకు నడిపి ఆపవలెను.

2. గేరు తీసి, హ్యాండు బ్రేకు వేసి, పంపునుండి డీజిల్ రాకుండ మూయవలెను. ఇది తప్పరాదు. చిమ్ము నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు.

3. నాజిళ్ల చుట్టును దుమ్ము తుడిచి, వానిని ఊడదీసి, ఆ రంధ్రమున తగిన అడాప్టరుతో డీజిల్ గేజిని బిగింపవలెను. పెట్రోలు బండ్ల గేజి ఈ ఒత్తిడికి తాళదు.

4. అంకె పెరుగుట ఆగువఱకు సెల్ఫు త్రిప్పి, దానిని వ్రాసికొనవలెను. అన్ని సిలిండరులకును ఇట్లే చేయవలెను.

5. నాజిళ్లను తిరిగి బిగించునపుడు క్రొత్త రాగి వాషర్లు వేయవలెను.

అంకెల యర్థము

సాధారణముగా మంచి ఇంజను చదరపు అంగుళమునకు 300 మొదలు 450 పౌనుల వఱకు చూపును. మీ ఇంజను పుస్తకములోని అంకెయే ప్రమాణము. అంకె యెంత యనుటతోబాటు, సిలిండరుల నడుమ భేద మెంత యనుటయు ముఖ్యము. ఉదాహరణమునకు నాలుగింటిలో మూడు 400 దరిదాపున నుండి యొకటి 270 చూపినచో, దోషము దానియందే కలదు. ప్రక్కప్రక్కనున్న రెండు మాత్రమే తగ్గినచో హెడ్ గ్యాస్కెట్టును అనుమానింపవలెను. అన్నియు సమముగా తగ్గినచో సెల్ఫు వేగమును గేజిని మరల చూచి, ఆ తరువాతనే అరుగుదల యని తలంపవలెను.

తగ్గిన సిలిండరులో చిన్న చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల కొలుచు వాడుక గలదు. అంకె బాగుగ పెరిగినచో రింగులు, లైనరు అరిగినవనియు, పెరుగకున్నచో వాల్వులదో గ్యాస్కెట్టుదో దోషమనియు అర్థము. కాని డీజిల్ ఇంజనులో పిస్టను పైనుండు చోటు మిక్కిలి తక్కువ. ఆయిలు ఎక్కువైనచో అంకె మోసగించును. కనెక్టింగు రాడ్డు వంగినను వంగవచ్చును.

అంతకంటె నమ్మదగినది గాలి పరీక్ష. రెండు వాల్వులును మూసికొనియుండ పిస్టనును పైకి తెచ్చి, ఇంజను తిరుగకుండ పట్టి, కంప్రెసరు గాలిని లోనికి విడువవలెను. సైలెన్సరులో బుసకొట్టినచో ఎగ్జాస్టు వాల్వు. ఎయిర్ ఫిల్టరు గొట్టములో వినబడినచో ఇన్‌లెట్ వాల్వు. ఆయిలు పోయు మూతవద్ద గాలి బలముగా వచ్చినచో రింగులు. రేడియేటరు నీటిలో బుడగలు లేచినచో గ్యాస్కెట్టు లేక హెడ్డు పగులు. వాల్వు మాత్రమే చెడినచో హెడ్డు దింపి బాగుచేయించిన చాలును. లైనరులు, పిస్టనులు మార్చు వ్యయము తప్పును.

సంఘము చేయదగినది

ఒక్క రైతు గేజి కొనుట భారము. పదిమంది కలిసి కొన్నచో స్వల్పము. ప్రతి సంఘమును ఒక గేజిని, వాడుకలోనున్న ట్రాక్టరులకు సరిపడు అడాప్టరులను ఉంచుట మేలని మా సూచన. ఏటేట దుక్కులకు ముందు పరీక్షించి, అంకెలను తేదీతో బండి పుస్తకమున వ్రాసికొనుడు. నిరుటి అంకె చేతనున్న రైతు మెకానిక్కు నడుగవలసిన ప్రశ్న నెఱిగియుండును. ఎయిర్ ఫిల్టరును దుమ్ముపనుల దినములలో తఱచు చూచుకొనుడు. రింగులను ముందుగా అరుగదీయునది మన చేలలోని దుమ్మే.