అడిగినచో అందెడి మందు

ఇటీవల మన దేశముననే జరిగిన ఒక పరిశోధన పాఠకులకు వింతగా తోచవచ్చును. కర్ణాటక, బీహారు రాష్ట్రములలోని 253 పట్టణములలో ప్రైవేటుగా వైద్యము చేయు రెండువేల మందికి పైబడినవారి వద్దకు కొందరు తండ్రులు వెళ్ళిరి. ఇంటివద్ద రెండేండ్ల బిడ్డకు విరేచనములు అగుచున్నవనియు, మందు ఇమ్మనియు కోరిరి. నిజమునకు బిడ్డయు లేడు, జబ్బును లేదు. వారు పరిశోధకులు శిక్షణ ఇచ్చి పంపిన వేషధారులు. కొందరు ఏమియు అడుగక ఊరకుండిరి; కొందరు ఓ.ఆర్.ఎస్. పొట్లమును పేరు చెప్పి అడిగిరి. మరికొందరు యాంటీబయాటిక్ మందు అడిగిరి. దీని ఫలితములు 2024 ఫిబ్రవరిలో ‘సైన్స్’ అను పత్రికలో వెలువడినవి.

విరేచనములకు ఓ.ఆర్.ఎస్. మేలైన మందని వైద్యులు ఎరుగుదురు. వెల స్వల్పము. అయినను అనేకులు దానిని వ్రాయరు. లాభము తక్కువ గనుక వ్రాయరని కొందరును, సరకు దొరకదని కొందరును తలంచుచుండిరి. పరిశోధకులు కొన్నిచోట్ల పొట్లములను ఉచితముగా సరఫరా చేసి చూచిరి. దానివలన నూటికి ఏడుగురికి మాత్రమే అదనముగా ఓ.ఆర్.ఎస్. అందినది. కాని తండ్రి తానై నోరు తెరచి అడిగినచోట, ఊరకున్నవారితో పోల్చగా నూటికి 27 మందికి అదనముగా అందినది. వచ్చినవారు సూదియో, ఖరీదైన మాత్రయో కోరుదురనియు, పొట్లము ఇచ్చినచో చిన్నచూపు చూతురనియు వైద్యుడు ఊహించుచున్నాడు. వైద్యుడు ఇచ్చినదే తగిన మందని తండ్రి భావించుచున్నాడు. ఇద్దరి నడుమ బిడ్డకు దక్కవలసినది దక్కుట లేదు.

ఈ పొట్లములో ఏమున్నదని కొందరు తేలికగా చూచుటయు కలదు. ఉప్పును చక్కెరయు కలిపిన నీరు మందగునా అని మమ్ము అడిగినవారున్నారు. మన ప్రేగు గోడలో ఉప్పునందలి సోడియమును, గ్లూకోజును జతగా లోనికి గొనిపోవు ద్వారములు కలవు. రెండును కలసి వచ్చినపుడు అవి పనిచేయును. వాటి వెంట నీరును శరీరములోనికి పోవును. రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు 1960లో ప్రాగ్ నగరమున ఈ సంగతిని వెల్లడించెను. కలరా విషము ప్రేగులనుండి నీటిని వెలికి తోడివేయుచున్నను ఈ ద్వారములు మాత్రము చెడవు. ఆ నీళ్ళను త్రాగించినచో బిడ్డ నిలుచుటకు ఇదియే కారణము.

అయినను ఇది జనులకు నమ్మకము కలిగించుటకు ఒక ఘోర విపత్తు కావలసివచ్చెను. 1971లో తూర్పు బెంగాలునుండి లక్షలాది శరణార్థులు మన దేశమునకు తరలివచ్చిరి. పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ వద్ద కలరా చెలరేగెను. ఆసుపత్రిలో మంచములు చాలక రోగులు నేలమీదనే పడియుండిరి. నరములకెక్కించు సెలైను తరుగుచుండెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన పొడిని కలకత్తాలో సంచులలో కట్టించి తెప్పించి, డ్రమ్ములలో నీటితో కలిపించెను. దానిని గిన్నెలతో పట్టించినవారు రోగుల బంధువులే. నూటికి ముప్పదిమంది వరకు మరణించుచున్నచోట ఆ సంఖ్య నాలుగుకంటె తక్కువకు దిగెను. 1978లో ‘లాన్సెట్’ అను వైద్యపత్రిక దీనిని ఇరువదవ శతాబ్దపు అత్యంత ముఖ్యమైన వైద్యప్రగతి కావచ్చునని కొనియాడినది. మహలనబిస్ 2022లో మరణించెను. మరుసటి యేట భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించినది.

పొరుగుననున్న బంగ్లాదేశములో బ్రాక్ అను సంస్థ 1980 నుండి పదేండ్లపాటు కోటికి పైగా ఇండ్లకు స్త్రీలను పంపి, చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అర సేరు నీరు కలుపు విధమును తల్లులకు నేర్పించెను. నేర్పినవారికి ఇచ్చు జీతము, తల్లులకు ఎంత జ్ఞాపకమున్నదో చూచి లెక్కగట్టిరి! ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. చెప్పివచ్చితిమని సంతకము పెట్టినంత మాత్రమున చాలదు గదా.

‘లంఖణం పరమౌషధం’ అను మాట మన పల్లెలలో నేటికిని వినబడును. విరేచనములు అగుచున్న పసిబిడ్డ విషయమున ఇది మిక్కిలి ప్రమాదకరము. నీరు పోసినకొలది విరేచనము హెచ్చునను భయముతో నీటిని మానిపించు తల్లులు కలరు. పోయిన నీటిని తిరిగి ఇయ్యనిచో బిడ్డ వాడిపోవును. చనుబాలు మానరాదు, అలవాటైన అన్నమును కొద్దికొద్దిగా పెట్టవలెను.

పొట్లమును కొనునపుడు పైనున్న వ్రాతను చదువుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము లీటరు నీటికి గ్లూకోజు పదమూడున్నర గ్రాములు మాత్రమే ఉండును. చక్కెర అధికమైనచో విరేచనములు పెరుగును. ఓ.ఆర్.ఎస్. అను పేరు తగిలించి, తియ్యని పానీయములను డబ్బాలలో అమ్ముచుండుటను చూచి, హైదరాబాదునకు చెందిన శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేండ్లు పోరాడిరి. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ అట్టి పానీయములపై ఆ పేరును వాడరాదని ఆదేశించెను.

లీటరు పొట్లమును లీటరు కాచి చల్లార్చిన నీటిలోనే, మొత్తము ఒక్కసారిగా కలుపవలెను. నీరు తగ్గింపరాదు, చక్కెర చేర్పరాదు. ఒక దినము గడచినచో పారబోయవలెను. రెండేండ్లలోపు బిడ్డకు విరేచనమైనప్పుడెల్ల పావు కప్పు మొదలు అరకప్పు వరకు, చెంచాతో మెల్లగా పట్టవలెను. వాంతి అయినచో పది నిముషములు ఆగి మరల మొదలిడవలెను. వెంబడి జింకు మాత్రలు పదునాలుగు దినములు ఇయ్యవలెను. విరేచనములు కట్టినవని మధ్యలో మానరాదు. పొట్లములును మాత్రలును ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందును, ఆశా కార్యకర్త వద్దను ఉచితముగా లభించును. విరేచనములో రక్తము కనిపించినను, కన్నులు గుంటలు పడినను, బిడ్డ మగతగా ఉండి త్రాగలేకున్నను జాగు చేయక ఆసుపత్రికి గొనిపోవలెను. అట్టివేళ సెలైను అవసరము కావచ్చును. త్రోవ పొడుగునను, త్రాగగలిగినంత వరకు, గిన్నెయు చెంచాయు చేతనుండవలెను.