మంచినీటి బావి: నిర్మాణ నియమములు, భూగర్భజల సంరక్షణ

బావి త్రవ్వించిన భూమికి యజమాని యొకడుండును. ఆ బావిలోనికి ఊరు నీటికి మాత్రము గట్లును, సరిహద్దు రాళ్లును లేవు. ఒకరి పెరటిలో ఇంకిన మురుగు పొరుగువారి బావిలో చేరవచ్చును. ఒకరి చేనిలో లోతుగా దింపిన బోరు గ్రామమునకంతకును నీరిచ్చు బావిని ఎండగట్టవచ్చును. కావున బావి త్రవ్వకము సొంత వ్యవహారముగా కన్పట్టినను, నిజమునకు అది గ్రామారోగ్యమునకు సంబంధించిన విషయము. బావి ఎచ్చట త్రవ్వవలెను, ఎట్లు కట్టవలెను, ఎవరి అనుమతి పొందవలెను అను నియమములు ఏర్పడుటకు కారణమిదియే. ఆ నియమములును, వాని వెనుకనున్న కారణములును ఈ పాఠములో వివరింపబడినవి. కారణము తెలిసిన నియమము భారముగా తోచదు.

1. భూగర్భజలము

వర్షపునీటిలో కొంత వాగులలో పారిపోవును, కొంత ఆవిరియగును, మిగిలినది నేలలోనికి ఇంకును. ఇంకిన నీరు మట్టి, ఇసుక రేణువుల సందులను, రాతి పగుళ్లను నింపి నిలుచును. ఇదియే భూగర్భజలము.

మట్టిపొర సహజమైన వడపోత సాధనము. నీరు దానిగుండ మెల్లగా దిగునపుడు రోగక్రిములలో పెక్కు మట్టిలో చిక్కి నశించును. అయితే ఇందులకు తగినంత మందము గల మట్టియు, తగినంత కాలమును కావలెను. తెలంగాణ, రాయలసీమలలో చాల భాగమున నేల క్రింద నున్నది గ్రానైటు మొదలగు గట్టిరాయి. అచ్చట నీరు పైనున్న చివికిన రాతిపొరలోను, దాని దిగువ పగుళ్లలోను మాత్రమే నిలుచును. పగుళ్లలో పారు నీరు చక్కగా వడకట్టబడదు. మురుగు అందు ప్రవేశించినచో త్వరితముగా దూరము పోగలదు. సముద్రతీరపు ఇసుక నేలలలో నీరు సులభముగా దొరకును గాని, మితిమీరి తోడినచో ఉప్పునీరు లోనికి చొచ్చుకొని వచ్చును. ఒకసారి ఉప్పెక్కిన జలము మరల మంచినీరగుటకు అనేక సంవత్సరములు పట్టును.

2. రెండు నిదర్శనములు

1854వ సంవత్సరమున లండను నగరములోని బ్రాడ్ వీధి పరిసరములలో కలరా చెలరేగి వందల మంది మరణించిరి. జాన్ స్నో అను వైద్యుడు మృతుల ఇండ్లను గుర్తించి చూడగా, వారిలో అధిక సంఖ్యాకులు ఆ వీధిలోని పంపు నీటినే త్రాగినట్లు తేలెను. ఆయన సూచనపై సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని తొలగించిరి. తరువాత జరిగిన విచారణలో, శిథిలమైన మలకూప మొకటి ఆ బావికి మూడడుగుల లోపు దూరముననే యున్నట్లును, దాని మురుగు బావిలోనికి ఊరుచున్నట్లును కనుగొనిరి. చూపునకును, రుచికిని మంచిదైన నీరే మృత్యుకారణమైనది. బావికిని, మరుగుదొడ్డికిని మధ్య దూరము పాటింపవలెనను నియమమునకు ఇంతకంటె బలమైన నిదర్శనము అక్కరలేదు.

రెండవది మన దేశములోనిదే. నారికురుపు అను వ్యాధిని వృద్ధులు పలువురు ఎరుగుదురు. సుమారు రెండు మూరల వరకు పొడవు గల పురుగు కాలిమీది పుండునుండి రోజుకు కొంచెముగా వెలికివచ్చుచు రోగిని వారముల తరబడి మంచమునకు కట్టివేసెడిది. ఈ వ్యాధికి ఆశ్రయము దిగుడుబావి. పుండుగలవాడు మెట్లు దిగి నీటిలో కాలు మోపినపుడు పురుగు తన పిల్లలను నీటిలోనికి విడుచును. నీటిలోని సైక్లోప్సు అను సూక్ష్మప్రాణి వానిని మ్రింగును. ఆ నీటిని వడకట్టక త్రాగినవారికి సుమారు ఒక సంవత్సరమునకు పురుగు బయటపడును. దీనికి టీకా లేదు. పురుగును శరీరములోనే చంపు మందును లేదు. అయినను 1980 దశకములో ఆరంభమైన జాతీయ కార్యక్రమము వలన దిగుడుబావులను చేదబావులుగా మార్చుట, చేతిపంపులను నెలకొల్పుట, నీటిని గుడ్డతో వడకట్టుట మున్నగు పనులు జరిగెను. ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రములను పీడించిన ఈ వ్యాధికి చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూరు జిల్లాలో కన్పట్టెను. 2000వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని ధ్రువీకరించెను. బావి రూపమును మార్చుట వలన రోగమే తొలగునని దీనివలన స్పష్టమగుచున్నది.

3. త్రవ్వుడుబావి నిర్మాణము

నీరు కలుషితమగు మార్గములలో బావియే ముఖ్యమైనది. నేలమీది మురుగు మట్టిపొర గుండ పోక, బావి గోడ వెంబడి నేరుగా జలములోనికి దిగును. ఈ దారిని మూసివేయుటయే నిర్మాణ నియమముల సారాంశము.

(అ) స్థలము: మరుగుదొడ్డి, పెంటకుప్ప, పశువులకొట్టము, మురుగుగుంట మొదలగువానికి బావి కనీసము 15 మీటర్ల, అనగా సుమారు 50 అడుగుల దూరమున నుండవలెను. నేల వాలును గమనించి, వీనికంటె ఎత్తైన తావున త్రవ్వవలెను. రాతి పగుళ్లుగల నేలలో ఇంకను ఎక్కువ దూరము పాటించుట క్షేమము.

(ఆ) లోపలి గోడ: ఇటుకతోగాని, రాతితోగాని, సిమెంటు వరలతోగాని కనీసము 6 మీటర్ల లోతు వరకు నీరు చొరని గోడ కట్టవలెను. అప్పుడు నీరు ఆ లోతు దిగువనుండియే ఊరును. అంత మట్టి గుండ దిగి వడకట్టబడి వచ్చును.

(ఇ) పిట్టగోడ: నేలకు పైన 70 సెంటీమీటర్లకు తక్కువ గాకుండ నుండవలెను. వరదనీరు, చెత్త, పసిపిల్లలు, పశువులు లోపల పడకుండ ఇది కాపాడును.

(ఈ) చప్టా, కాలువ: బావి చుట్టును కనీసము ఒక మీటరు వెడల్పున, వెలుపలికి వాలుగా సిమెంటు చప్టా వేయవలెను. ఒలికిన నీరు నిలువక కాలువగుండ దూరముగా పోయి, తోటకో ఇంకుడుగుంటకో చేరవలెను. చప్టా బీటలువారినచో వెంటనే పూడ్చవలెను; బీటలు మురుగునకు ద్వారములు.

(ఉ) మూత, పంపు: బావికి మూతవేసి చేతిపంపు అమర్చుట ఉత్తమము. అది సాధ్యము కానిచోట గిలకకు ఒకే చేదను అందరకు ఉమ్మడిగా కట్టియుంచవలెను. ఇంటింటి చేదలును, చేంతాళ్లును బావిలో దించరాదు. బట్టలుతుకుట, పశువులను కడుగుట బావి దాపున జరుగరాదు.

4. బోరుబావి

బోరుబావి లోతైనది గనుక దాని నీరు ఎల్లప్పుడు శుద్ధమని పలువురి అభిప్రాయము. ఇది సగము సత్యము. బోరు రంధ్రమునకును, కేసింగ్ గొట్టమునకును నడుమ ఖాళీ మిగిలినచో, పైమురుగు ఆ సందుగుండ అడుగునకు జారిపోవును. కావున ఆ ఖాళీని పైభాగమున సిమెంటుతోగాని, బంకమట్టితోగాని గట్టిగా నింపవలెను. గొట్టము నేలకు పైకి లేచియుండవలెను.

లోతు వలన మరియొక చిక్కు కలదు. కొన్ని శిలలనుండి ఫ్లోరైడు నీటిలో కరగును. నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో ఫ్లోరోసిస్ వ్యాధి యున్నట్లు 1937లోనే వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లా ప్రజలు దీనివలన పడిన బాధ దేశమంతట తెలిసినదే. పండ్లు గారపట్టి, ఎముకలు వంగి, కీళ్లు బిగిసిన పిదప ఆ అంగములు తిరిగి పూర్వస్థితికి రావు. భారత ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించరాదు. వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములు తుది పరిమితి. నైట్రేటునకు పరిమితి 45 మిల్లీగ్రాములు. ఎరువుల వలన, మలమూత్రముల వలన నైట్రేటు పెరుగును. అది పసిబిడ్డల రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. కాచుట వలనగాని, బ్లీచింగు పొడి వలనగాని ఈ రెండును తొలగవు. కావున క్రొత్త బోరు నీటిని పరీక్ష చేయించక త్రాగుటకు వాడరాదు.

నీరు పడక విడిచిపెట్టిన బోరు మరింత ప్రమాదకరము. 2006లో హర్యానాలోని కురుక్షేత్ర జిల్లాలో ఐదేండ్ల బాలుడొకడు అట్టి గోతిలో పడి, రెండు దినముల ప్రయాస పిదప ప్రాణములతో బయటపడెను. పలువురు బాలలకు అట్టి అదృష్టము కలుగలేదు. ఇట్టి దుర్ఘటనలను పరిశీలించి సుప్రీంకోర్టు 2010లో దేశమంతటికి వర్తించు ఆదేశములను ఇచ్చినది. వానిలో ముఖ్యమైనవి:

బోరు వేయుటకు 15 దినములు ముందుగా భూమి యజమాని కలెక్టరుకుగాని, సర్పంచికిగాని, సంబంధిత అధికారులకుగాని వ్రాతమూలకముగా తెలుపవలెను. బోరుయంత్రముల సంస్థలు నమోదు కావలెను. పనిచేయు చోట యజమాని, సంస్థల చిరునామాలతో పలక నిలిపి, చుట్టును కంచె వేయవలెను. గొట్టము చుట్టును నేలకు పైన 0.30 మీటరు, లోపల 0.30 మీటరు ఉండునట్లు సిమెంటు దిమ్మె కట్టవలెను. గొట్టము మూతిని ఇనుపరేకుతో అతికించిగాని, గట్టి మూతను మరలతో బిగించిగాని మూయవలెను. పంపు మరమ్మతు సమయమునను దానిని తెరచియుంచరాదు. విడిచిపెట్టిన బోరును అడుగునుండి నేలమట్టము వరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చవలెను.

పూడ్చని బోరు బిడ్డలకు మృత్యుకూపమగుటయే గాక, మురుగునకు భూగర్భజలములోనికి రాజమార్గమగును. ఒక్క పనితో రెండు ఆపదలును తొలగును.

5. చట్టము చెప్పునదేమి?

1882 నాటి భారత సుఖభోగ హక్కుల చట్టము, తన హద్దులలో భూమి క్రిందనున్న, నిర్దిష్టమైన కాలువగా పారని నీటిని తీసికొను హక్కును భూస్వామికి గుర్తించినది. మోటయు, ఏతమును వాడుకలోనున్న దినములలో ఆ హక్కు వలన పొరుగువానికి కలుగు నష్టము స్వల్పము. విద్యుత్తు పంపులు, లోతుబోర్లు వచ్చిన పిదప ఒకరి హక్కు పదిమంది దాహమునకు అడ్డు వచ్చు స్థితి యేర్పడినది. అందుచేత కేంద్రప్రభుత్వము 1970లో భూగర్భజల నియంత్రణకు నమూనా బిల్లును రాష్ట్రములకు పంపినది. రాజ్యాంగము ప్రకారము నీరు ప్రధానముగా రాష్ట్రముల విషయము.

ఆంధ్రప్రదేశ్‌లో 1996లో త్రాగునీటి కొరకు భూగర్భజల నియంత్రణ చట్టమును, తరువాత 2002లో నీరు, భూమి, చెట్ల చట్టమును చేసిరి. రెండవదానిని ప్రజలు వాల్టా చట్టమని వ్యవహరింతురు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిదప తెలంగాణలోను అది కొనసాగుచున్నది. దీని ప్రకారము బావులను నమోదు చేయించవలెను. బోరుయంత్రములను నమోదు చేయించవలెను. ప్రజల త్రాగునీటి వనరునకు 250 మీటర్ల లోపల అనుమతి లేక బావి త్రవ్వరాదు. ప్రజల త్రాగునీటి కొరకు త్రవ్వు బావికిని, త్రాగునీటి చేతిపంపునకును ఈ నిషేధము వర్తింపదు. నీటిమట్టము ప్రమాదస్థితికి చేరిన ప్రాంతములలో క్రొత్త బావులను కట్టడి చేయుటకును, వ్యర్థజలమును భూగర్భములోనికి వదలుటను అరికట్టుటకును అధికారములు కల్పింపబడినవి.

250 మీటర్ల నియమము రైతునకు కష్టము కలిగింపదా యను ప్రశ్న న్యాయమైనదే. చిన్నకమతము గల రైతు అప్పుచేసి బోరు వేయించుకొనును. అనుమతి లభింపనిచో అతని పంటకు ముప్పు. కాని ఊరిబావి ఎండినచో సంపన్నుడు నీటిని కొనుక్కొనగలడు. కూలివాడు మురికినీటిని త్రాగును. పంటనష్టమునకు ఉపశమనము వెదకవచ్చును, అతిసారముతో పోయిన బిడ్డ తిరిగి రాదు. అందుచేత చట్టము త్రాగునీటికి ప్రథమస్థానమిచ్చినది. బోరుకు ఖర్చు పెట్టకముందే గ్రామములో విచారించి అనుమతి పొందుట రైతునకే లాభము.

6. గ్రామము చేయవలసిన పనులు

రాజ్యాంగపు 73వ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, పారిశుద్ధ్యము పంచాయతీల కప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. కలెక్టరు కచేరీ దూరము. బోరుబండి ఊరిలోనికి వచ్చుట మొదట చూచునది గ్రామస్థులే. కావున పంచాయతీ మూడు పనులు చేయవలెను. మొదటిది, గ్రామములోని ప్రతి బావిని, వాడుకలోనున్నది, విడిచినది, పూడ్చినది అను వివరముతో పుస్తకములో వ్రాయుట. రెండవది, సంవత్సరమునకొక పర్యాయమైనను, వానకాలమునకు ముందును వెనుకను అయినచో మరియు మేలుగా, నీటిని పరీక్ష చేయించుట. మూడవది, బావులను క్రమముగా శుద్ధిచేయించుట.

శుద్ధిచేయు విధము: బావి వ్యాసమును, నీటి లోతును మీటర్లలో కొలువవలెను. వ్యాసమును వ్యాసముతో గుణించి, దానిని లోతుతోను, 3.14తోను గుణించి, 4తో భాగింపగా వచ్చునది ఘనపు మీటర్లు, అనగా వేయి లీటర్ల లెక్క. ప్రతి వేయి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడి సాధారణముగా చాలును. వ్యాసము 3 మీటర్లు, లోతు 4 మీటర్లు అయినచో నీరు 28,260 లీటర్లు; పొడి సుమారు 71 గ్రాములు. పొడిని బక్కెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, తరువాత ముప్పాతిక వంతు నీరు పోసి కలియబెట్టవలెను. పది నిమిషములు తేరనిచ్చి, పైతేటను వేరొక బక్కెట్టులోనికి వంచవలెను. అడుగున నిలిచిన సున్నమును బావిలో వేయరాదు. తేటనీటి బక్కెట్టును బావిలో ముంచి పైకి క్రిందికి ఆడించి కలుపవలెను. గంటసేపటివరకు ఆ నీటిని వాడరాదు. రాత్రి అందరును నీరు తోడుకొనిన పిదప ఈ పని చేయుట అనుకూలము. కలరా వంటి వ్యాధులు ప్రబలినపుడు ప్రతిదినము చేయవలెను.

శుద్ధిచేయుట రక్షణలో చివరి మెట్టు మాత్రమే. తప్పుస్థలమున, తప్పువిధమున కట్టిన బావిని పొడి ఎంతకాలమో కాపాడజాలదు. స్థలము నిర్ణయించునాడే ఆ బావి నీరు త్రాగబోవు బిడ్డల ఆరోగ్యమును సగము నిర్ణయింపబడుచున్నది. బావి కనులకు కన్పట్టును గాని, దానిని పోషించు జలము కన్పట్టదు. కన్పట్టని దానిని కాపాడుటకే నియమములు పుట్టినవి.

అభ్యాసము

1. మీ గ్రామములోని ఒక బావి యొద్దకు పోయి, మరుగుదొడ్డికిని దానికిని గల దూరమును కొలిచి వ్రాయుడు.
2. బావి లోపలి గోడ 6 మీటర్ల వరకు నీరు చొరనిదిగా ఎందుకుండవలెను?
3. నారికురుపు వ్యాప్తికి దిగుడుబావి ఎట్లు కారణమైనది?
4. ఫ్లోరైడు గల నీటిని కాచి త్రాగిన లాభమున్నదా? కారణము తెలుపుడు.
5. వ్యాసము 2 మీటర్లు, నీటి లోతు 5 మీటర్లు గల బావికి ఎంత బ్లీచింగు పొడి కావలెను? (జవాబు: సుమారు 39 గ్రాములు)
6. మీ గ్రామములో పూడ్చని బోర్లు ఎన్ని కలవో విచారించి, ఆ వివరమును పంచాయతీకి తెలుపుడు.