అద్భుత కథలను కలసి చదువుట

మన పాఠశాలలో చదువు బాలబాలికలలో పెక్కుమంది ఇంట తెలుగు చక్కగా మాటలాడుదురు. అమ్మమ్మతో వాదింతురు, చెల్లెలితో తగవులాడుదురు, సమయము వచ్చినచో సామెతలు కూడ విసరుదురు. కాని తెలుగు పుస్తకమును చేతికిచ్చినచో రెండు పుటలు చదువునప్పటికే అలసిపోవుదురు. ఇందులో వారి దోషము లేదు. అంగడి పలక, బస్సుమీది ఊరిపేరు, ఇంటికి వచ్చు రసీదు, అన్నియు రాష్ట్రభాషలోనో ఆంగ్లములోనో యుండును. తెలుగు లిపి పాఠ్యపుస్తకమున తప్ప వేరొకచోట వారి కంటబడదు. అందుచేత చదువులో వేగము కుదురదు. వేగము కుదురనందున చదువవలెనను కోరికయు పుట్టదు.

ఈ చిక్కునుండి బిడ్డను బయటికి తీయు ఉపాయములు పలువురు పలువిధముల చెప్పుదురు. నా యెరుకలో మిక్కిలి బలమైనది, తరువాత ఏమి జరిగెనో తెలిసికొనవలెనను తహతహ. అది అద్భుత కథలయందున్నంతగా మరియెచ్చటను లేదు. ఈ కథలను తల్లిదండ్రులు తామును మరల చదివి, పిల్లలతోను ఇరుగుపొరుగు తెలుగు కుటుంబములతోను పంచుకొనవలెనని నా కోరిక.

కథను పంచుకొనుటను గూర్చి మన దేశమున నున్న ప్రసిద్ధమైన కథ గుణాఢ్యునిది. 11వ శతాబ్దమున కాశ్మీర కవి సోమదేవుడు కథాసరిత్సాగరమున దానిని చెప్పినాడు. గుణాఢ్యుడు సాతవాహన రాజునకు మంత్రి. రాజునకు సంస్కృత వ్యాకరణము నేర్పుటకు ఆరేండ్లు కావలెనని ఆయన యనగా, శర్వవర్మ యనునాతడు ఆరు నెలలు చాలుననెను. అట్లు జరిగినచో సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను విడిచెదనని గుణాఢ్యుడు పంతము పట్టి ఓడిపోయెను. మాటలాడుటకు భాషయే లేనివాడై వింధ్యాటవి చేరి, అచ్చట పైశాచి నేర్చి, ఏడేండ్లలో ఏడు లక్షల శ్లోకముల బృహత్కథను రచించెను. అడవిలో సిరా దొరకక తన నెత్తురుతోనే వ్రాసెనట. శిష్యులు దానిని కొనిపోయి చూపగా, భాష పైశాచి, వ్రాత నెత్తురు అని రాజు ఏవగించుకొని త్రోసివేసెను.

అప్పుడు గుణాఢ్యుడు కొండపై అగ్ని రగిల్చి, ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించి నిప్పులో వేయసాగెను. జింకలు, అడవి పందులు, దున్నలు మేత మాని, చుట్టును జేరి, కన్నీరు కార్చుచు వినెనట. మేత లేని మృగముల మాంసము సారహీనమై, దానిని తిన్న రాజునకు జబ్బు చేసెను. కారణమెరిగి రాజు పరుగున వచ్చునప్పటికి ఆరు లక్షల శ్లోకములు బూడిదయైనవి. ఒక్క లక్ష మాత్రము మిగిలినది.

ఇది చరిత్ర కాదు, కథయే. అయినను సాతవాహనుల ప్రతిష్ఠానము నిజమైన పట్టణము. అది నేటి మహారాష్ట్రములోని పైఠాన్. బృహత్కథ పైశాచీ మూలము నేడు దొరకకపోవుటయు నిజమే. సోమదేవుడు మొదలగువారి సంస్కృత రూపములు మనకు దక్కినవి. రాజు భాషను చూచి కథను విడిచెను. మృగములు కథను విని భాష యేదని యడుగలేదు. మన పిల్లలను మొదట ఆ మృగముల వలె విననిచ్చినచో చాలును. గుణింతములు తప్పినవని నడుమ నడుమ కథ ఆపువారు రాజు పక్షము వారు!

ఇక పుస్తకముల మాట. చిన్నవారికి చందమామతో ఆరంభించుట మేలు. నాగిరెడ్డి, చక్రపాణిగారల పూనికతో 1947 జూలైలో ఆ పత్రిక మద్రాసునుండి తెలుగునను, అంబులిమామ యను పేర తమిళమునను వెలువడినది. పిమ్మట కన్నడము, మరాఠీ, ఒరియాలలోనికిని వ్యాపించినది. కావున మనవాడు తెలుగున చదివిన కథనే పొరుగింటి తమిళ తాతగారు తన బాల్యమున చదివియుండవచ్చును; ఇద్దరును కూర్చుండి పోల్చుకొనవచ్చును. 1952 మొదలు 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావుగారు దిద్ది తీర్చిన ఆ వచనమున చిన్న వాక్యములే యుండును. అనవసరమైన మాట కానరాదు. దాసరి సుబ్రహ్మణ్యంగారి ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలలో మాంత్రికులు, కొండలోయలు, వింతజంతువులు పుటపుటకు ఎదురగును. పత్రికలో ఆయన పేరు వేయలేదు; పిల్లలు వ్రాసినవారెవరో తెలియకయే నెలనెల ఎదురుచూచిరి. పత్రిక నేడు వెలువడుట లేదు. అటకమీద పాత సంచికలున్న ఇల్లు మన సంఘమున నున్నచో, దులిపి నలుగురికి ఇచ్చుట పుణ్యకార్యము.

పది పండ్రెండేండ్లు నిండినవారికి మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు. పండ్రెండు భాగముల ఈ గ్రంథము కట్టుబాటే కలసి కథ వినుటపై నిలిచినది. కాలినడకన కాశికి పోవు మణిసిద్ధునకు తోడు కావలెను. పెద్దలెవరును రాకపోగా, పశువుల కాపరి బాలుడొకడు, దారిలో తాను చూపిన వింతకెల్ల కథ చెప్పవలెనను నియమముమీద వెంట నడచును. మజిలీ చేరగానే పిల్లవాడు ఊరు తిరిగి వచ్చి, చూచిన విడ్డూరమునకు కారణమడుగును. చెప్పనిదే వాడు విడువడు. గురువునకు కాశి ఎంత ముఖ్యమో, వానికి కథ అంత ముఖ్యము. ప్రశ్నించు బిడ్డను కసరు అలవాటున్న తండ్రులు ఈ పీఠికను రెండుమార్లు చదువవలయును. 1951నాటి ‘పాతాళభైరవి’ చిత్రమునకు ప్రేరణ ఈ మజిలీలలోనిదే యని చెప్పినచో పిల్లలు మరింత ఉత్సాహపడుదురు. భాష గ్రాంథికము, సమాసములు దీర్ఘములు. వర్ణనలను మన యింటి మాటలలో చెప్పి, సంభాషణలను మాత్రము పుస్తకమునుండి చదివినచో బిడ్డకు బరువు తోచదు.

పెద్ద తరగతులవారికి, అంతకంటె తల్లిదండ్రులకు, నేను ముఖ్యముగ చెప్పదలచినది పింగళి సూరన కళాపూర్ణోదయము. 16వ శతాబ్దమున నంద్యాల కృష్ణరాజునకు అంకితమైన ఎనిమిది ఆశ్వాసముల కావ్యమిది. ప్రబంధమనగానే వర్ణనల పుట్టయని భయపడువారు దీని కథను విన్నచో ఆశ్చర్యపడుదురు. ద్వారకలో కలభాషిణి చెలులతో ఉయ్యాలలూగుచుండగా, మీద ఆకసమున రంభానలకూబరుల విమానము పోవుచుండును. అచ్చట విననైన ఒక మాట ముడిగా పడి, కథ ముందునకు నడచుచునే వెనుకకు తవ్వబడును. ఒకచోట ఇద్దరు రంభలు ఎదురెదురుగ నిలిచి, నేనే నిజమైనదానననుచు వాదులాడుకొందురు. బ్రహ్మ సరస్వతికి ఏకాంతమున చెప్పిన కథను ఒక చిలుక వినును. ఆ కథలోనివారు భూమిపై నిజముగ పుట్టుదురు. కడపట, పొత్తిళ్ళలోని పసిబిడ్డ మణిహారము తగులగానే పూర్వజన్మము తలచుకొని, పెద్దవారివలె మాటలాడి చిక్కులన్నిటిని విప్పును. నేటి పిల్లలు ఆంగ్లమున ఆసక్తితో చదువు మాయా నవలలలో ఇంతకంటె వింతయైన అల్లిక నాకు కనబడలేదు.

అందు సుగాత్రీ శాలీనుల కథయు కలదు. భార్య ఎన్ని నగలు ధరించి ఎదుట నిలిచినను శాలీనుని మనసు కదలదు. ఒకనాడు గాలివాన రాగా, ఆమె నగలు తీసివైచి, తోటలో ఆతనితో సమానముగ మట్టిపని చేయును. అప్పుడే ఆతనికి ఆమెపై ప్రేమ కలుగును. పెద్దవారు ముందు తాము చదువుకొని, శృంగార ఘట్టములను దాటవేసి చెప్పవలయును. కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వ విచారము’న ఈ కావ్యమును మెచ్చి చర్చించిరి. ఆయన మైసూరు సంస్థానమున విద్యాశాఖాధికారిగా పనిచేసినవారని కర్ణాటకమునందలి మనవారికి గుర్తుచేయుచున్నాను. పద్యము కొరుకుడు పడనివారికి వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారల 2002నాటి ఆంగ్లానువాదము కలదు. దానిని చదివి తెలుగున చెప్పినను నష్టము లేదు.

పిల్లలు హ్యారీ పాటర్ చదువుచున్నారని వగచు తల్లులను ఎరుగుదును. వగపు అక్కరలేదు. కందుకూరి వీరేశలింగముగారే గలివరు యాత్రల బాటలో ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ రచించి, ఆడువారు ఏలు దేశమును కల్పించి, తన కాలపు దురాచారములను తలక్రిందులు చేసి నవ్వించిరి. బిడ్డ తనకు నచ్చిన ఆంగ్ల కథను రాత్రి తెలుగున చెప్పవలెనని నియమము పెట్టుడు. మంత్రదండమునకు, ఎగురు చీపురునకు మాటలు వెదకుకొనుటలో వానికి భాష వశమగును. మాయకథలు మనసును చెరచునని కొందరందురు; బేతాళుని భుజముపై మోసిన రాజు కథ విని చెడినవారిని నేనింకను చూడలేదు.

చదువు విధమును గూర్చి రెండు మాటలు. వారమునకు ఒక సాయంకాలము, మూడు నాలుగు కుటుంబములు ఒక యింట చేరినచో చాలును. పెద్దవారు ఒక పుట, పిల్లవాడు ఒక పేరా చదువవలెను. తెలియని మాట వచ్చినప్పుడు నిఘంటువుకై లేవక, భావము చెప్పి సాగిపోవలెను. మన ప్రాంతపు మాట వేరుగ నున్నచో దానినికూడ చెప్పవలెను. అది తప్పుమాట కాదు. బేతాళ కథయైనచో, ప్రశ్న రాగానే ఆపి, రాజు జవాబు చదువకమునుపు పిల్లలందరిని వేరువేరుగ అడుగవలెను. ధారావాహికను మంచి ఇక్కట్టు ఘట్టమున నిలిపి, తరువాతి వారము వరకు ఆగుడనవలెను. పుస్తకమును మాత్రము అలమరలో పెట్టి తాళము వేయవలదు.