విద్యుత్ వాహనములపై ఒక దిన విహారయాత్ర : కొన్ని లెక్కలు

1888వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను మహిళ తన ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ నగరమునకు మోటారు బండిపై బయలుదేరినది. దారిలో ఇంధనము చాలక వీస్లోక్ అను ఊరి మందుల అంగడిలో కొనవలసి వచ్చినది. ఏలయనగా నాడు పెట్రోలు బంకు అనునదే లేదు. విద్యుత్ వాహనముపై దూర ప్రయాణము తలపెట్టువారి స్థితియు నేడు కొంతవరకు అట్టిదే. బంకునకు ముందు లెక్క పుట్టవలెను.

విద్యుత్ బండి నిన్న మొన్నటిది కాదు. 1899లోనే కమీ జెనాట్జీ అను బెల్జియం దేశీయుడు విద్యుత్ కారుపై గంటకు 100 కిలోమీటర్ల వేగమును దాటెను. అయినను ఆనాటి సీసపు బ్యాటరీలు మిక్కిలి బరువైనవి, పెట్రోలు తేలికైనది. అందుచే ఒక శతాబ్దము పెట్రోలుదే రాజ్యమైనది. లిథియం అయాన్ బ్యాటరీ వచ్చిన పిదప ఈ స్థితి మారినది. దానిని రూపొందించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. కొందరు మిత్రులు విద్యుత్ స్కూటర్లపై ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోయి, తిరిగి జమ్మలమడుగు చేరి, పులివెందుల చూచి, ఒకే దినమున ఇల్లు చేరదలచిరనుకొందము. దూరములను కొంచెము ఎక్కువగానే వేసికొనుట మేలు. జమ్మలమడుగునకు 25, అచటినుండి గండికోటకు 15, మరల వెనుకకు 15, పులివెందులకు 60, ఇంటికి 65. వెరసి 180 కిలోమీటర్లు.

స్కూటరు బ్యాటరీలో 3 యూనిట్ల విద్యుత్తు పట్టుననియు, కిలోమీటరునకు 0.03 యూనిట్ ఖర్చగుననియు అనుకొన్నచో, నిండు బ్యాటరీ 100 కిలోమీటర్లకు వచ్చును. అందు ఐదవ వంతు, అనగా 0.6 యూనిట్, ఎల్లప్పుడు నిలువ ఉంచవలెను. గండికోట చూచి జమ్మలమడుగు చేరునప్పటికి 1.65 యూనిట్లు ఖర్చై 1.35 మిగులును. పులివెందుల చేరుటకు నిలువతో కలిపి 2.4 కావలెను. 750 వాట్ల చార్జరు నష్టములు పోగా గంటకు సుమారు 0.65 యూనిట్ మాత్రమే ఎక్కించును. కావున జమ్మలమడుగులో గంటన్నరకు పైగాను, పులివెందులలో మూడు గంటలును ఆగక తప్పదు.

ఒక్క బండికి ఇది సాధ్యమే. పది బండ్లు కలిసి వచ్చినచో? పది చార్జర్లకు 7,500 వాట్లు, అనగా 230 వోల్టుల వద్ద దాదాపు 33 ఆంపియర్లు కావలెను. సామాన్య గృహములోని 5 ఆంపియర్ల ప్లగ్గు ఈ భారమును మోయజాలదు. తీగ వేడెక్కి అగ్నిప్రమాదము కలుగవచ్చును. కావున జట్టుగా పోవువారు గండికోటకు ఒక దినము, పులివెందులకు వేరొక దినము కేటాయించుకొనుట వివేకము. జట్టులో అందరికంటె చిన్న బ్యాటరీ గల బండియే అందరికిని కొలమానము.

గండికోట ఎక్కుడునకు పలువురు భయపడుదురు. 250 కిలోల మొత్తము బరువును 100 మీటర్ల ఎత్తునకు చేర్చుటకు 2,45,000 జౌళ్ల శక్తి చాలును. ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు. నష్టములు కలుపుకొన్నను ఇది మూడు కిలోమీటర్ల పరుగునకు మించదు. పైగా దిగునప్పుడు మోటారు జనరేటరుగా మారి కొంత శక్తిని తిరిగి ఇచ్చును. 2022లో తిరుమల కనుమ దారిలో ప్రవేశపెట్టిన ఆర్.టి.సి. విద్యుత్ బస్సులకును ఈ సూత్రమే తోడ్పడును. నిజమైన శత్రువు వేగము. వేగము 40 నుండి 60కి పెరిగినచో గాలి నిరోధము రెండింతలకు మించి పెరుగును. నిదానమే ప్రధానమను సామెతకు ఇది భౌతికశాస్త్ర నిరూపణము.

మన ఎండలును లెక్కలోనివే. వేసవిలో ఎండన నడిపిన బండికి వెంటనే చార్జింగు పెట్టరాదు. నీడన చల్లారనిచ్చి పెట్టినచో బ్యాటరీ ఆయుష్షు పెరుగును.

విద్యుత్ బండికి పొగ లేదని గర్వించుటకు ముందు ముద్దనూరు సమీపమున గల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రమును తలచుకొనవలెను. 1,650 మెగావాట్ల ఆ కేంద్రము బొగ్గుతో నడచునది. పూర్తిగా బొగ్గు విద్యుత్తే వాడినను స్కూటరు కిలోమీటరునకు సుమారు 40 గ్రాముల బొగ్గుపులుసు వాయువునకు కారణమగును; పెట్రోలు స్కూటరు సుమారు 50 గ్రాములు వదలును. భేదము కలదు గాని గొప్పది కాదు. సూర్యరశ్మితో చార్జింగు చేసినప్పుడే ఆ భేదము నిజముగా పెరుగును. మైలవరము ప్రాంతమున సౌర విద్యుత్ పార్కు వెలసినది. 2017 వేలములో అచటి 250 మెగావాట్లకు యూనిట్ 3 రూపాయల 15 పైసల ధర పలికినది. ఎండ మనకు శాపము మాత్రమే కాదు.

కావున కళాశాల కమిటీ వారికొక మనవి. సైకిళ్ల షెడ్డు పైకప్పుపై సౌర ఫలకములు అమర్చి, తగిన తీగలతో నాలుగైదు ప్లగ్గులు పెట్టించినచో అది వసతియు, ప్రయోగశాలయు కాగలదు. విద్యార్థులారా! కార్బ్యురేటరు శుభ్రపరచి జీవించు మెకానిక్కులు మన వీధులలో ఎందరో కలరు. విద్యుత్ బండికి కార్బ్యురేటరు లేదు. ఈ కొత్త విద్య మీరు నేర్చి వారికి నేర్పనిచో వారి పనిముట్లు మూలబడును. యాత్ర వినోదమే, దాని వెనుకనున్న లెక్క మాత్రము జీవనోపాధి.