ఆయనకు వచ్చిన ఉత్తరంలో నా పేరు లేదు

సమస్య



మాది పత్తర్‌గట్టి. రాతి కమాన్ల వెనక సందులో కింద దుకాణాలు, పైన మా ఇల్లు. మా ఆయన ప్రభుత్వ గుమాస్తాగా చేసి 61 నిండాక రిటైరయ్యారు. నాకు అరవై. ఒక్కతే బిడ్డ, పెళ్లయి టెక్సస్‌కు పోయింది. అల్లుడు అక్కడి పౌరుడు, బిడ్డకు కూడా పౌరసత్వం వచ్చింది. "ఇక అక్కడ ఎవరున్నారని? వచ్చి మా దగ్గరే ఉండిపొండి" అని అడుగుతూనే ఉంది. మేమూ సరే అన్నాం.

ఇక్కడొక కన్సల్టెన్సీ అతను, "ముందు సారు పేరు మీద పెట్టించండి. ఆయనకు గ్రీన్‌కార్డు రాగానే ఆయనే అమ్మగారికి డిపెండెంట్ వీసా పెడతారు" అన్నాడు. మాకు సబబుగానే తోచింది. కింది దుకాణం వాళ్లబ్బాయి జెద్దాలో ఉన్నప్పుడు పెళ్లాం పిల్లలు అతని ఇఖామా (నివాస అనుమతి) మీదే పోయారు. మా బిడ్డా మొగుడి కాగితాల మీదే పోయింది. మా తోటికోడలి అక్కాబావలైతే, అక్కడున్న తమ్ముడు పెట్టిన ఒకే ఫైలు మీద ఇద్దరూ కలిసి విమానమెక్కారు. మాదీ అట్లనే అనుకున్నాం.

ఆ ఫైలు కోసమే మా పెళ్లి కూడా పోయినేడు రిజిస్టర్ చేయించాం. ఛత్తాబజార్‌లో అచ్చేయించిన 1985 నాటి శుభలేఖ, అప్పటి ఒక్క ఫొటో వెతికి తీశాను. ఇప్పుడు ఆయన దరఖాస్తు మంజూరై, తర్వాతి కాగితాలు పెట్టమని ఉత్తరం వచ్చింది. అందులో నా పేరు ఎక్కడా లేదు. బిడ్డను అడిగితే, నాన్న వచ్చాక నీది చూద్దామంటుంది. ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పరు.

నేను పుట్టింది నల్లగొండ జిల్లా పల్లెటూళ్లో. పుట్టిన సర్టిఫికెట్ లేదు, నాలుగో తరగతితో బడి మానేశాను. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్‌లో నా పేరు ఇంట్లో పిలిచే పొట్టి పేరుగా పడింది, పాస్‌పోర్టులో పూర్తి పేరుంది. ఇన్ని చిక్కులున్నాయనే నన్ను వెనక్కి పెట్టారేమో అనిపిస్తుంది. ఆయన అమెరికా పోయేముందు ఇంటి మీద జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిమ్మని మా బావగారు అడుగుతున్నారు. ఇల్లు మా ఇద్దరి పేరు మీద ఉంది.

ముత్యాల దుకాణాలకు దండలు గుచ్చి నా ఖర్చులు నేను చూసుకుంటున్నాను. ఒక్కదాన్ని ఉండలేక రాయడం లేదు. నలభై ఏళ్లు కలిసి బతికి, ఆయన రిటైరైనాక ఒకరిక్కడ ఒకరక్కడ ఎందుకుండాలి? నా వీసాకు నేనేం చేయాలి?

- ఒక గృహిణి, పత్తర్‌గట్టి

సలహా

అక్కా,

అక్కడే స్థిరపడాలనుకుంటే, మీ బిడ్డ మీ పేరు మీద ఇంకో ఐ-130 దరఖాస్తు (బంధువులను రప్పించుకునే ఫారం) పెట్టాలి, ఆలస్యం చేయకుండా. నాన్న వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఆయనకు గ్రీన్‌కార్డు వచ్చిందా లేదా అన్నదానితో మీ దరఖాస్తుకు సంబంధమే లేదు.

అమెరికా చట్టంలో 21 ఏళ్లు నిండిన పౌరులు తల్లినీ తండ్రినీ రప్పించుకోవచ్చు. అయితే తల్లికి ఒక దరఖాస్తు, తండ్రికి ఒక దరఖాస్తు, వేర్వేరుగా. తండ్రి ఫైలులో తల్లిని డిపెండెంట్‌గా చేర్చే వీలు లేదు. మీ తోటికోడలి అక్కాబావలది తోబుట్టువుల కేటగిరీ. అందులో భార్యాభర్తలు ఒకే ఫైలు మీద వెళ్తారు, దానికోసం ఏళ్లకేళ్లు వరుసలో కూర్చుంటారు. మీ బిడ్డ వెళ్లింది పౌరుడి భార్యగా. జెద్దా సంగతి మరీ వేరు. అక్కడ భార్య ఉండేది భర్త ఉద్యోగం ఉన్నంతకాలమే. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం కుటుంబ సభ్యులకు తలా నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టి, ఏటా పెంచుతూ 2020కి 400 చేసింది. ఆ భారం మోయలేక ఎన్ని కుటుంబాలు పాతబస్తీకి తిరిగొచ్చాయో మీ వీధిలోనే చూసి ఉంటారు. మీరు చూసిన మూడు దారులూ నిజమైనవే. మీది నాలుగోది.

ఆ కన్సల్టెన్సీ మనిషి చూపించిన దారి కూడా ఉంది, అందుకే అది నమ్మేలా ఉంటుంది. మీ ఆయన వెళ్లి, గ్రీన్‌కార్డు పొంది, శాశ్వత నివాసిగా భార్యకు దరఖాస్తు పెట్టవచ్చు. కానీ అది ఎఫ్-2ఏ అనే కేటగిరీ. దానికి ఏటా ఇన్ని వీసాలేనన్న పరిమితి ఉంది, వరుస ఉంది, ఆ వరుస ఏళ్లలో నడుస్తుంది. పౌరుల తల్లిదండ్రులకు ఆ పరిమితి లేదు. కాగితాల పరిశీలనకు పట్టే సమయమే పడుతుంది. భార్యగా వెళ్తే వరుస ఉంది, తల్లిగా వెళ్తే లేదు. అరవై ఏళ్ల మనిషిని తెలిసి తెలిసి ఆ పొడుగు దారిలో నిలబెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది. మీవాళ్లు కావాలని చేశారనుకోను. తప్పు చెప్పిన మనిషిని నమ్మారు.

ఇంకొకటి మీరు తప్పక తెలుసుకోవాలి. తండ్రికి దరఖాస్తు పెట్టాలంటే బిడ్డ పుట్టిన సర్టిఫికెట్‌తో పాటు తల్లిదండ్రుల పెళ్లి సర్టిఫికెట్ కావాలి. తల్లికి బిడ్డ పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లి పేరుంటే చాలు. మీరు వెతికి తీసిన శుభలేఖ, ఆ ఫొటో ఆయన ఫైలును నిలబెట్టాయి. మీ ఫైలు నిజానికి ఆయనదానికంటే తేలిక. బిడ్డ ఇంటిపేరు పెళ్లితో మారి ఉంటే ఆమె పెళ్లి సర్టిఫికెట్ జతచేయాలి, అంతే. ఇక మీ పొట్టి పేరు సంగతి. మున్సిపాలిటీలో ఆధారాలు చూపించి దిద్దించగలిగితే అదే మేలు. ఈలోగా రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి, రెండో పేరును దరఖాస్తులో 'ఇతర పేర్లు' అని అడిగేచోట రాయించండి. దాచకూడదు. ఆ రెండు పేర్లూ వేరువేరు మనుషులవేమోనన్న అనుమానం ఇంటర్వ్యూ దాకా పోనివ్వకూడదు.

మీకు పుట్టిన సర్టిఫికెట్ లేదని దిగులు పడకండి. 1970 ఏప్రిల్ 1కి ముందు మన పల్లెల్లో పుట్టినవాళ్లలో చాలామందికి ఉండదు, ఆ సంగతి కాన్సులేట్‌కు తెలుసు. మీ ఊరి పంచాయతీ కార్యదర్శినో తహసీల్దారునో కలిసి, రికార్డుల్లో మీ పుట్టుక నమోదు కాలేదని ధ్రువపత్రం తీసుకోండి. నాలుగో తరగతి దాకా చదివారు కదా, ఆ బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో మీ పుట్టిన తేదీ, తండ్రి పేరు ఉంటాయి. హెడ్‌మాస్టర్‌ను అడిగి దాని నకలు తెచ్చుకోండి. ఆ పైన, మీరు పుట్టినప్పటికే ఊహ తెలిసిన దగ్గరి బంధువుల అఫిడవిట్ కావాలి. మేనత్తో, పెద్దమ్మో, పెద్దన్నయ్యో ఎవరున్నారో చూడండి. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. మిగతా కాగితాలు ఏడాది తర్వాతైనా దొరుకుతాయి. ఆ పెద్దవాళ్ల ఆరోగ్యం ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం.

ఇక మీ ఆయన ఫైలు. ఉత్తరం వచ్చింది కదా అని పరుగెత్తాల్సిన పని లేదు. నేషనల్ వీసా సెంటర్‌కు ఏడాది పాటు ఉలుకూ పలుకూ లేకపోతే ఫైలు మూసేసే ప్రమాదం ఉంది. మధ్యమధ్య ఆ సెంటర్ ఆన్‌లైన్ ఖాతాలోకి లాగిన్ అవుతూ, సందేశం పంపుతూ ఉంటే ఫైలు బతికే ఉంటుంది. వీసా ముద్ర పడ్డాక మాత్రం గడువు దాదాపు ఆరు నెలలే, ఆలోపు అమెరికాలో అడుగుపెట్టాలి. అందుకే ఆగదలిస్తే ఇంటర్వ్యూకు ముందే ఆగాలి. మీ దరఖాస్తు కూడా ఆ దశకు వచ్చేదాకా ఆయనది నెమ్మదిగా నడిపించి, ఇద్దరూ కలిసి ఇంటర్వ్యూకు వెళ్లండి. అది ముంబయి కాన్సులేట్‌లో జరుగుతుంది. నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ ఈ రకం వీసాలు చూడదు.

ఈ మాట ఆయనతో మీరే చెప్పాలి, బిడ్డతో చెప్పించకండి. "మీరు ఏడాది ఆగితే ఇద్దరం కలిసి పోతాం, మీరు ముందు పోతే నేను ఎన్నేళ్లుండాలో తెలియదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. నలభై ఏళ్ల సంసారంలో ఈ మాట అడిగే హక్కు మీకుంది. దరఖాస్తు రుసుము 2024 ఏప్రిల్‌లో సవరించాక ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీదైతే 675. పెట్టే రోజున అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ పేజీలో ఇప్పటి రుసుమెంతో బిడ్డను చూసుకోమనండి. ఈ దరఖాస్తు ఆమె సొంతంగా నింపుకోగలదు, మధ్యవర్తికి లక్షలు పోయనక్కర్లేదు.

అల్లుడితో కూడా విడిగా మాట్లాడాలి. మీ ఇద్దరి పోషణకు మీ బిడ్డ ఐ-864 అనే హామీ పత్రం మీద సంతకం చేయాలి. కుటుంబ ఆదాయం అక్కడి ప్రభుత్వం కట్టిన పేదరిక రేఖకు 125 శాతమైనా ఉండాలి. ఆమె ఆదాయం చాలకపోతే అల్లుడు తన ఆదాయం కలుపుతూ వేరే పత్రం మీద సంతకం పెడతారు. అది మర్యాదకు చేసే సంతకం కాదు, చట్టం ముందు నిలబడే బాధ్యత. విడాకులొచ్చినా తెగదు. అందుకని ఆయనా ఇష్టపడి చేస్తున్నారో లేదో మీరే అడగండి. అల్లుడి ఇంట్లో ఉండటమంటే మన దగ్గర మొహమాటం సహజం. ఆ మొహమాటంతోనే అడగాల్సినవి అడక్కుండా వెళ్లినవాళ్లు అక్కడ ఎక్కువ నలిగిపోతారు.

వైద్యం గురించి కూడా అప్పుడే తేల్చుకోండి. 65 నిండి, శాశ్వత నివాసిగా అయిదేళ్లు వరుసగా ఉన్నాకే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో డబ్బు కట్టి చేరే వీలుంటుంది. ఆ అయిదేళ్లూ ప్రైవేటు బీమా కొనాల్సిందే, అది ఎవరు కడతారు? ఇక్కడ ఉస్మానియా ఆసుపత్రి నడిచి వెళ్లేంత దూరం. అక్కడ డాక్టర్ దగ్గరికైనా, పాలపొట్లానికైనా ఎవరో కారులో తీసుకెళ్లాలి.

నిజంగా అక్కడ స్థిరపడదామనుకుంటున్నారా, లేక ఏడాదికి కొన్ని నెలలు బిడ్డ దగ్గర గడిపితే చాలా? గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఆరు నెలలు దాటి బయట ఉంటే ప్రశ్నలొస్తాయి. ఏడాది దాటితే, ముందుగా రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకుంటే తప్ప, కార్డే ప్రమాదంలో పడుతుంది. పండక్కని వచ్చి ఏటా ఎనిమిది నెలలు ఇక్కడే ఉందామంటే కుదరదు. రాకపోకలే చాలనుకుంటే పర్యాటక వీసాయే సరిపోతుంది, ఒక్కోసారి ఆరు నెలల దాకా ఉండనిస్తారు. కానీ వలస దరఖాస్తు పెట్టినవాళ్లకు ఆ వీసా దొరకడం కష్టమవుతుంది. మీ ఆయనకు ఇప్పటికే పెట్టారు, మీకింకా పెట్టలేదు. కాబట్టి బిడ్డ మీ ఫారం నింపేముందు ఈ మాట ఇద్దరూ తేల్చుకోండి. ఏ వీసాకు వెళ్లినా అడిగినప్పుడు ఆ దరఖాస్తు సంగతి దాచకండి.

వేరే దేశాల వైపు చూస్తున్న పాఠకులకు రెండు ముక్కలు. అమెరికాకు రిటైర్మెంట్ వీసా అనేదే లేదు. మలేసియాకు 2002 నుంచి అలాంటి పథకం ఉంది, భార్య లేక భర్త డిపెండెంట్‌గా అందులోనే చేరతారు. 2024 మార్పుల తర్వాత దాని సిల్వర్ తరగతికి లక్షన్నర డాలర్ల డిపాజిట్ కావాలి. దుబాయ్ వైపు 55 దాటినవాళ్లకు అయిదేళ్ల వీసా ఉన్నా, పొదుపుకో ఆదాయానికో పెద్ద లెక్కే చూపాలి. మన గుమాస్తా పెన్షన్లతో అయ్యే పనులు కావవి.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టకండి. బావగారు మంచివారే కావచ్చు. కానీ ఆ కాగితంలో అమ్మే అధికారం కూడా రాసి ఉంటే, రేపు ఆయన పిల్లలతోనూ మీకు తగాదా రావచ్చు. అద్దె వసూలు, ఇంటి పన్ను, కరెంటు బిల్లు, వీటికి మాత్రమే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి. అమ్మే రోజు వస్తే అప్పటికప్పుడు హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌లో వేరే పత్రం చేయించుకోవచ్చు. పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు(పీపీఓ)లో కుటుంబ పెన్షన్‌కు మీ పేరు, పుట్టిన తేదీ సరిగా పడ్డాయో లేదో ఇప్పుడే చూసుకోండి. అక్కడా మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మీ ఆయన ఏ దేశంలో ఉన్నా ఏటా జీవన ధ్రువీకరణ ఇస్తూనే ఉండాలి.

మీ దండల పని సంగతి. మీరు గ్రీన్‌కార్డుతోనే దిగుతారు కాబట్టి అక్కడ పని చేసుకునే హక్కు మొదటిరోజు నుంచే ఉంటుంది. మీ సంపాదన దాచుకునే ఖాతా మీ ఒక్కరి పేరు మీదే ఉంటే, వెళ్లేముందు బ్యాంకులో చెప్పి దాన్ని ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసుల) ఖాతాగా మార్పించుకోండి. అక్కడ పన్ను రిటర్నుల్లో ఈ ఖాతా, అద్దె, పెన్షన్ అన్నీ చూపించాలి. అమెరికా బయటి ఖాతాల్లో మొత్తం 10,000 డాలర్లు దాటితే దానికి వేరే ఫారం ఉంటుంది. అది ఏటా ఎవరు నింపుతారో బిడ్డనడిగి తెలుసుకోండి.